చార్మినార్ వదిలేసి, మెట్రో కోసం కూలిపోతున్న గల్లీల ఫొటోలు తీయాలి. ఎలా?

#1 గల్లీ_కెమెరా
హైదరాబాద్ ఫొటోలు అని వెతికితే తిప్పి తిప్పి నాలుగే వస్తాయి. చార్మినార్, కేబుల్ బ్రిడ్జి, హుస్సేన్‌సాగర్ బుద్ధుడు, హైటెక్ సిటీ అద్దాల మేడలు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో కోసం 2025 మొదటినుంచీ దారుల్‌షిఫా, పురానీ హవేలీ, షాలిబండ రోడ్డు పొడవునా కట్టడాలు కూలగొడుతుంటే, ఆ వరసలు కూలకముందు ఎలా ఉండేవో చూపించే మంచి ఫొటో దొరకడం లేదు. ఉన్నవన్నీ బుల్డోజర్ వచ్చిన రోజు తీసినవే. అజామాబాద్, భోలక్‌పూర్, లాలాగూడ వైపయితే అవి కూడా లేవు.

ఈ చలికాలం పద్ధతిగా తీయాలనుకుంటున్నాను. ఏపీఎస్‌సీ కెమెరా, 18-55 మి.మీ. కిట్ జూమ్ లెన్స్, జూమ్ లేని 35 మి.మీ. ప్రైమ్ లెన్స్ ఉన్నాయి. నా ఇబ్బందులు ఇవీ. గల్లీ ఇరుకు, పై అంతస్తు ఫ్రేములో పట్టదు. కెమెరా ఎత్తితే గోడలు వెనక్కి వాలుతున్నాయి. పైన ఆకాశం తెల్లగా పేలిపోతోంది, కింద గల్లీ నల్లగా వస్తోంది. ఎటు చూసినా తీగలు. పైగా "ఏం తీస్తున్నారు, మున్సిపాలిటీ నుంచా?" అని నిలదీస్తున్నారు. అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి.

#2 ప్రైమ్35
వాలడం లెన్స్ తప్పు కాదు. సెన్సర్ గోడకు సమాంతరంగా లేకపోతే ఏ లెన్స్ అయినా వాలుతుంది. కెమెరాలో ఎలక్ట్రానిక్ లెవెల్ ఆన్ చేసి, నిలువుగా పట్టుకుని, పైకీ కిందికీ వంచకుండా తీయండి. కింద రోడ్డు ఎక్కువ వస్తే రానివ్వండి, తర్వాత కత్తిరించుకోవచ్చు.

#3 కొలతల_కృష్ణ
#2 చెప్పింది వెడల్పు రోడ్డు మీద పనికొస్తుంది, 12 అడుగుల గల్లీలో సరిపోదు. లెక్క చూడండి. ఏపీఎస్‌సీ సెన్సర్ పొడవు 23.5 మి.మీ. 18 మి.మీ. దగ్గర నిలువు ఫ్రేములో పట్టే ఎత్తు = దూరం × 23.5 ÷ 18, అంటే దూరానికి 1.3 రెట్లు. 3.6 మీటర్ల దూరంలో పట్టేది 4.7 మీటర్లు. కంటి ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే అందులో సగం పైకి పోతుంది, మిగతా సగం కిందికి పోయి కొంత నేలమీదే వృథా అవుతుంది. పైన దక్కేది సుమారు 4 మీటర్ల దాకానే. కింద ఒకటి, పైన ఒకటి ఉన్న ఇల్లు పిట్టగోడతో కలిపి 7 మీటర్లుంటుంది. ఎలా పడుతుంది?

నాలుగు మార్గాలున్నాయి.

గల్లీ మలుపు దగ్గరో అడ్డగల్లీ మొగలోనో వెనక్కి వెళ్లే జాగా ఉంటే 35 ప్రైమ్ తగిలించి దూరం నుంచి తీయడం మొదటిది. 7 మీటర్ల ఇంటిని కంటి ఎత్తునుంచి వంచకుండా పట్టాలంటే 35తో సుమారు 16 మీటర్లు వెనక్కి పోవాలి.

ఎదురింటి మెట్ల మీదనుంచో బాల్కనీనుంచో తీయడం రెండోది. నేలకు మూడున్నర మీటర్ల ఎత్తులో కెమెరా సమంగా పెడితే ఫ్రేము 1.15 నుంచి 5.85 మీటర్ల వరకు పట్టుతుంది. గుమ్మం అడుగు, పైన పిట్టగోడ పోతాయి కాబట్టి వాటిని విడిగా తీసుకోవాలి.

కొద్దిగా వంచి తీసి సాఫ్ట్‌వేర్‌లో నిటారు చేయడం మూడోది. 10 డిగ్రీల లోపు వంపయితే పర్లేదు. అది దాటితే పై అంతస్తు సాగదీసినట్టవుతుంది, కిటికీ కొలతలు అబద్ధం చెబుతాయి.

నాలుగోది వరస మొత్తాన్ని కలిపి అతికించడం. గోడకు సమాంతరంగా నడుస్తూ, ఒకే దూరంలో ఉంటూ, ప్రతి మీటరున్నరకు ఒక నిలువు ఫ్రేము. 18 దగ్గర ఒక్కో ఫ్రేము వెడల్పు 3.1 మీటర్లు వస్తుంది కాబట్టి సగం సగం ఒకదానిమీద ఒకటి పడతాయి. నిలబడ్డచోటే కెమెరా తిప్పకూడదు, మీరే జరగాలి.

#4 సున్నం_గోడ
కృష్ణ గారి నాలుగో పద్ధతిలో తీగలు చంపేస్తాయి. గోడకు రెండు మీటర్ల ముందున్న తీగ, ప్రతి అడుగుకీ గోడమీద వేరే చోట కనబడుతుంది. అతికించాక తెగిన తీగలు, జంట తీగలు వస్తాయి. గోడను ఆధారంగా పెట్టుకుని అతికించి, తీగల దగ్గర అతుకు చేత్తో గీసుకోవాలి. ఆటోమేటిక్‌కి వదిలేస్తే కిటికీ ఊచల్ని కూడా వంచేస్తుంది.

#5 ముషీరాబాద్_పిల్లగాడు
పొడుగు కర్రకు కెమెరా కట్టి లేపితే అయిపోతది కదా అన్నా. మూడు మీటర్ల మోనోపాడ్‌లు దొరుకుతున్నయ్, ఫోన్ల చూసుకుంట నొక్కుడే.

#6 కొలతల_కృష్ణ
#5 దయచేసి ఆ పని పాత గల్లీల్లో చేయకండి. 415 వోల్టుల లైన్లు బాల్కనీకి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉంటాయి, చాలాచోట్ల తొడుగు లేని తీగలే. అల్యూమినియం, కార్బన్ ఫైబర్ రెండూ కరెంటును మోస్తాయి. పెద్దరోడ్డుమీద 11 కేవీ లైనయితే తాకక్కర్లేదు, బాగా దగ్గరకు పోయినా ప్రమాదమే. తీగల్లేని మైదానంలో, మిల్లు ఆవరణలో వాడుకోండి.

#7 ముషీరాబాద్_పిల్లగాడు
గది నిజమే. మా దిక్కు తీగలు మీద పడ్డట్టే ఉంటయ్. వద్దు తియ్.

#8 ఎండ_నీడ
వెలుతురు సంగతి. గల్లీ ఏ దిక్కుకు పోతోందో ముందు పటంలో చూడండి, సగం పని అక్కడే అయిపోతుంది.

ఉత్తర దక్షిణాలుగా పోయే గల్లీలో పొద్దున పడమటి వరస మీద, సాయంత్రం తూర్పు వరస మీద ఎండ పడుతుంది. ఇందులో చిక్కు లేదు.

తూర్పు పడమరలుగా పోయే గల్లీ కష్టం. ఉత్తరం చూసే గోడల మీద చలికాలంలో ఎండే పడదు. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. ఆ గోడలకు ఎండ ఎక్కువగా దక్కే కాలం అదే. జూన్‌లో పొద్దున తొమ్మిది లోపు వెలుగు ఈశాన్యం నుంచి గోడను రాసుకుంటూ వస్తుంది, సున్నపు పనిలో చెక్కిన పూలు, గీతలు అప్పుడు లేచి కనబడతాయి. వానాకాలం తొలి రోజులు కాబట్టి మబ్బు లేని పూట దొరకబుచ్చుకోవాలి.

దక్షిణం చూసే గోడలకు డిసెంబరు మంచిదే కానీ ఇరుకు గల్లీలో పూర్తిగా కాదు. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఎదురిల్లు ఆరున్నర మీటర్లు, గల్లీ 3.6 మీటర్లు అయితే కింద 2.4 మీటర్ల దాకా నీడే. దుకాణం ముఖం నీడలో, పై అంతస్తు ఎండలో ఉంటుంది. మీ #1లోని "పైన తెలుపు, కింద నలుపు" సగం ఇదే.

దానికి మందు: ఆ గల్లీని ఎండలో తీయకండి. పల్చటి మబ్బున్న రోజో, సూర్యుడు మేడల వెనక్కి దిగాక మిగిలే అరగంటో చాలు. నీడ మొత్తం ఒకటే రకంగా ఉంటుంది.

#9 గల్లీ_కెమెరా
#8 ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మబ్బు రోజున ఆకాశం ఇంకా తెల్లగా వస్తుంది కదా?

#10 ఎండ_నీడ
వస్తుంది. ఆకాశం తక్కువ పెట్టండి, పిట్టగోడ పైన వేలెడంత చాలు. రా ఫైల్‌లో (కెమెరా మార్చని ముడి ఫైలు) తీసి, హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు) కుడి అంచుకు తగలకుండా ఎక్స్‌పోజర్‌ను స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించండి. నీడల్ని తర్వాత లేపుకోవచ్చు, కాలిపోయిన తెలుపు తిరిగి రాదు. ఎఫ్/8, ఐఎస్ఓ 100 నుంచి 400, ట్రైపాడ్ ఉంటే షట్టర్ ఎంతయినా పర్లేదు.

#11 డార్క్‌రూమ్_దుర్గ
ఇన్ని తిప్పలెందుకు? నలుపు తెలుపులో తీస్తే రంగు కాంతుల గొడవ ఉండదు, కట్టడం ఆకారం నిలబడుతుంది.

#12 సున్నం_గోడ
దుర్గ గారూ, ఈ పనికి మాత్రం ఒప్పుకోను. పాతబస్తీ ఇంటికి వేసే ఆ లేత నీలం సున్నం, తలుపుల ఆకుపచ్చ, అజామాబాద్ షెడ్ల మీద తుప్పు ఎరుపు ఇవన్నీ సమాచారం. కూలిపోయాక ఏ ఇల్లు ఏ రంగో ఎవరికీ గుర్తుండదు. రంగులో తీసి, కావాలంటే నలుపు తెలుపు చేసుకోండి. అటునుంచి ఇటు రాలేరు.

ప్రతి గల్లీలో మొదటి ఫ్రేములో గ్రే కార్డు (తర్వాత రంగులు సరిచేసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) పెట్టండి. తెల్ల కాగితం పనికిరాదు, అందులో కలిపే మెరుపు రసాయనం ఎండలో నీలంగా చూపిస్తుంది. దుకాణాల ముందు నీలం టార్పాలిన్ కట్టి ఉంటే దాని కింద అంతా నీలమే, అక్కడ కార్డు మరీ ముఖ్యం.

#13 డార్క్‌రూమ్_దుర్గ
రంగు సమాచారం అన్న మాట ఒప్పుకుంటున్నా. కానీ రాత్రి దీపాల కింద ఆ రంగు ఏమీ మిగలదు. ఒక చివర పాత సోడియం, మధ్యలో ఎల్ఈడీ, దుకాణంలో ట్యూబ్‌లైటు. ఆ ఫ్రేములు నలుపు తెలుపులోనే చదవడానికి బాగుంటాయి. ఇంకో సంగతి, ఎల్ఈడీ బోర్డులు తీసేటప్పుడు అడ్డగీతలు వస్తుంటే షట్టర్ 1/100 లేదా 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. సైలెంట్ మోడ్ ఆపేసి మెకానికల్ షట్టర్ వాడండి.

#14 మూసీ_ఒడ్డు
కెమెరా లెక్కలు సరే. అసలు ఏం తీయాలి? అందరూ తలుపు, కిటికీ, పిల్లి, ముసలాయన తీసి "పాత నగరం" అని పెడతారు. వాటిలో ఏది ఏ గల్లీయో ఎవరూ చెప్పలేరు.

#15 సున్నం_గోడ
#14 అసలు ప్రశ్న ఇదే. నేను ఒక్కో ఇంటికి ఇలా చూస్తాను. నిటారుగా ముఖం ఒకటి. గల్లీ రెండు చివర్లనుంచి ఆ ఇల్లు వరసలో ఎక్కడుందో తెలిసేట్టు రెండు. డోర్ నంబరు పలక ఒకటి. తర్వాత వివరాలు.

వివరాల్లో ఏం చూడాలంటే: గోడ డంగు సున్నమా, సిమెంటా. పెచ్చు ఊడినచోట లోపలి ఇటుక మందం తెలుస్తుంది, అక్కడ ఒక స్కేలు ఆనించి తీయండి. చజ్జాలు షాబాద్ బండలా, కింద రాతి బ్రాకెట్లున్నాయా, సిమెంటు స్లాబా. దుకాణం లోపల తలెత్తితే ఇనుప పట్టాల మధ్య చిన్న చిన్న ఇటుక కమానులు కనబడతాయి, అది జాక్ ఆర్చ్ కప్పు. పెంకులుంటే రాలి పడినదాన్ని తిరగేయండి, తయారుచేసినవారి ముద్ర అడుగున ఉంటుంది. గుండ్రటి మూల బాల్కనీలు, సిమెంటు జాలీలు ఉంటే సుమారు 1930ల నుంచి 50ల మధ్య కట్టినవి.

పిట్టగోడ మీద సున్నంలో తీర్చిన సంవత్సరం దొరికితే పండగే. అయితే జాగ్రత్తగా చదవాలి. ఉర్దూ అంకెల్లో ఉంటుంది, పైగా అది హిజ్రీ (ఇస్లామిక్ చాంద్రమాన సంవత్సరం) కావచ్చు, ఫస్లీ (పంటల లెక్కన నడిచే సర్కారీ సంవత్సరం) కావచ్చు. నిజాం కాలపు ఫస్లీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది: 1347 ఫస్లీ అంటే 1937-38. అదే 1347 హిజ్రీ అయితే 1928-29. అంకె చివర "ఫే" అక్షరముంటే ఫస్లీ, "హే" ఉంటే హిజ్రీ. ఆ అక్షరం కూడా ఫ్రేములో పడేలా దగ్గరగా తీయండి, దాన్ని కత్తిరించేస్తే ఇంటి వయసు పదేళ్లు అటూ ఇటూ అయిపోతుంది.

#16 ముషీరాబాద్_పిల్లగాడు
ఫస్లీ ముచ్చట మస్తుంది. మా తాత పట్టా కాయితంల గూడ ఫస్లీనే ఉంటది.

#17 పటాల_పిచ్చి
డోర్ నంబరు ఎందుకు ముఖ్యమో నేను చెబుతాను. హైదరాబాద్ పాత నంబర్లు వార్డు, బ్లాకు, ఇల్లు అనే క్రమంలో ఉంటాయి. 15తో మొదలైతే బేగంబజార్ వైపు, 22 అయితే దారుల్‌షిఫా వైపు, 1 అయితే ముషీరాబాద్ వైపు. ఇరుకు గల్లీల్లో జీపీఎస్‌ని నమ్మలేం, సంకేతం గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి ఇరవై ముప్పై మీటర్లు పక్క గల్లీలోకి పడేస్తుంది. నంబరు పలక అబద్ధం చెప్పదు.

పాతదానితో పోల్చాలంటే 1908 మూసీ వరద తర్వాతి ఏళ్లలో లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో గీసిన మున్సిపల్ సర్వే పటాలున్నాయి. వాటిలో గల్లీలు, ఒక్కో కట్టడం ఆకారం విడివిడిగా కనబడతాయి. దగ్గరి కాలానికి గూగుల్ స్ట్రీట్ వ్యూ ఉంది. మన దేశంలో 2022 జులైలో వచ్చింది, మొదటి పది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. పెద్దరోడ్లే ఎక్కువ, గల్లీలు తక్కువ. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాల మీట జరిపితే ఏ కప్పు ఏ ఏడాది మాయమైందో తెలుస్తుంది. పై రెండూ చూసి, వెళ్లాల్సిన గల్లీల పటం ముందే గీసుకోండి.

#18 గల్లీ_కెమెరా
పాత ఫొటో తీసిన చోటే నిలబడి మళ్లీ తీయడానికి కిటుకు ఏమైనా ఉందా? పత్తర్‌గట్టి పాత ఫొటోలు కొన్ని దొరికాయి. ఎంత జరిగినా కలవడం లేదు.

#19 పటాల_పిచ్చి
జూమ్‌తో కలపాలని చూస్తే ఎప్పటికీ కలవదు. ముందు చోటు, తర్వాతే లెన్స్. పాత ఫొటోలో దగ్గరి వస్తువు అంచు, దూరపు వస్తువు అంచు ఒకదాని వెనక ఒకటి వచ్చే జంటలు రెండు వెతకండి. ఉదాహరణకు ఒక కమాను స్తంభం అంచుకు సరిగ్గా వెనక మినార్ అంచు. మీ కళ్లకు కూడా ఆ జంట అలాగే కనబడేదాకా ఎడమకో కుడికో జరగండి. రెండు జంటలూ కలిసినచోటే పాత కెమెరా ఉంది. తర్వాత ఎత్తు: దగ్గరి చజ్జా గీత దూరపు గోడమీద ఏ మట్టానికి వస్తోందో పోల్చండి. పెద్ద పాత కెమెరాల్ని ఒక్కోసారి మేడ మీద పెట్టి తీసేవారు, కిందనుంచి కలవకపోతే అదే కారణం కావచ్చు.

చోటు దొరికితే పాతదానికన్నా కొంచెం వెడల్పుగా తీసి ఇంట్లో కత్తిరించుకోండి. పాత ఫొటో ప్రింటు మీద చతురస్రాల గళ్లు గీసుకుని పోతే ఫోన్ తెరకన్నా ఎండలో బాగా కనబడుతుంది.

పత్తర్‌గట్టి వరసను కట్టింది 1912లో మొదలైన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. అప్పట్లో ఆ వరస కోసం ఏమేం తీసేశారో చూపించే ఫొటోలు దొరికితే ఇక్కడ పెట్టండి, అవి చాలా అరుదు.

#20 డార్క్‌రూమ్_దుర్గ
ఇక్కడ గ్లాస్గో సంగతి చెప్పాలి. అక్కడి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ ఇరుకు సందుల్ని కూలగొట్టే ముందు 1868 నుంచి 1871 మధ్య థామస్ అన్నన్ చేత ఫొటోలు తీయించింది. తడి గాజు పలకలు, ఆ చీకటి సందుల్లో ఎక్స్‌పోజర్ చాలాసేపు పట్టేది, కదిలిన మనుషులు పొగలా పడ్డారు. ఇవాళ ఆ సందులు ఎలా ఉండేవో తెలిసేది వాటివల్లే. కూలగొట్టే సంస్థే ముందు ఫొటో తీయించాలి అన్న ఆలోచన నూటయాభై ఏళ్ల కిందటిది. మన దగ్గర రోడ్డు వెడల్పు చేసే ప్రతి పనిలో ఆ ఖర్చు కలిపి ఉండాలి.

#21 మూసీ_ఒడ్డు
#20 నూటికి నూరు పాళ్లు. కానీ ఇంకో పక్క చూడండి. 2024 సెప్టెంబరు చివర్లో మూసీ పక్క బస్తీల్లో ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో, నది పరిధిలో ఉన్నాయన్న గుర్తుగా, "ఆర్‌బీ-ఎక్స్" అని రాశారు. చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ జనానికి అప్పటినుంచీ కెమెరా పట్టుకున్నవాడంటే సర్వేవాడే. గుర్తు పడ్డాక వెళ్తే ముఖాలన్నీ భయంతోనే ఉంటాయి. మార్కింగ్‌కు ముందే పోవాలి. గుర్తు లేని గోడ, మామూలు రోజు, మామూలు బేరం. అదే ఎవరూ తీయనిది.

#1లో అడిగిన చివరి ఇబ్బందికి, అంటే జనం నిలదీయడానికి, జవాబు: మెడలో పెద్ద కెమెరా వేసుకుని నేరుగా గోడల మీదికి పోవద్దు. ముందు గల్లీ మొగలో చాయ్ దుకాణం దగ్గరో కిరాణా కొట్టు దగ్గరో కూర్చుని ఎందుకు తీస్తున్నారో ఒక పెద్దమనిషికి చెప్పండి. "పాత ఇళ్ల ఫొటోలు జమ చేస్తున్నాం, సర్వే కాదు" అన్న మాట ఆయన నోటినుంచి వెళ్తే గల్లీ అంతా తిరగొచ్చు. ఇంటి ముఖం తీసేముందు తలుపు దగ్గర అడగండి. మళ్లీ వచ్చినప్పుడు 4×6 ప్రింటు ఇవ్వండి, చాలా ఇళ్లలో తమ ఇంటి ముఖానిది ఒక్క ఫొటో కూడా ఉండదు. ఆడవాళ్లు అరుగుల మీద ఉంటే కెమెరా దించేయాలి, పిల్లలు పోజులిస్తే పెద్దవాళ్లను అడిగాకే.

#22 బండ_అక్షరాలు
చట్టం ప్రకారం రోడ్డుమీద నిలబడి తీయడానికి ఎవర్నీ అడగక్కర్లేదు కదా. ఇంత మొహమాటం దేనికి?

#23 వకీలు_వీధి
కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52(1)(ఎస్) కింద కట్టడాన్ని ఫొటో తీసి ప్రచురించడం ఉల్లంఘన కాదు. (టి) కింద బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలకూ అదే వర్తిస్తుంది. కానీ గోడమీద వేసిన బొమ్మ, అంటే పెయింటింగ్, (టి) పరిధిలోకి రాదు. మక్తాలోలాంటి కుడ్యచిత్రాన్ని ఫ్రేము నిండా తీసి అమ్ముకుంటే చిత్రకారుడు అభ్యంతరం చెప్పొచ్చు. గల్లీ దృశ్యంలో అది వెనక కనబడితే వేరే సంగతి.

సైనిక ప్రాంతాలు వేరు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు బోర్డు ఉన్నచోట కెమెరా తీయకండి. ఇక డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం విమానాశ్రయం హద్దునుంచి 12 కి.మీ. దాకా ఆంక్షలున్నాయి, 8 నుంచి 12 కి.మీ. మధ్య 200 అడుగుల వరకే అనుమతి లేకుండా ఎగరవచ్చు. బేగంపేట విమానాశ్రయం నగరం మధ్యలో ఉంది. ప్రభుత్వ డ్రోన్ సైటు డిజిటల్ స్కైలో పటం చూడకుండా డ్రోన్ లేపొద్దు.

#24 మూసీ_ఒడ్డు
#22 చట్టం అనుమతించడం వేరు, ఇల్లు పోతుందేమోనని నిద్రపట్టని మనిషి గుమ్మం ముందు నిలబడటం వేరు. అడగాల్సిందే.

#25 వకీలు_వీధి
ఇంకో ఉపయోగం కూడా ఉంది. కూలిన తర్వాత ఇల్లు ఎన్ని గదులు, పై అంతస్తు ఉందా లేదా అన్న వివాదం వస్తే ముందు తీసిన ఫొటో ఆ కుటుంబానికి సాక్ష్యం అవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 ప్రకారం డిజిటల్ ఫైలుతో సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్రలాంటి సంఖ్య) రాయాలి. అంటే కెమెరానుంచి దించిన అసలు ఫైలును ముట్టకుండా ఉంచాలి, దించినరోజే హ్యాష్ తీసి పెట్టుకోవాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది, తేదీ సమాచారం చెరిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

#26 గల్లీ_కెమెరా
ఈ కోణం నేను అనుకోలేదు. అయితే జీపీఎస్‌తో సహా బయట పెట్టాలా, తీసేయాలా?

#27 మూసీ_ఒడ్డు
బయట పెట్టే కాపీలో గల్లీ పేరు వరకే. కిరాయికి ఉండేవాళ్లకు, కాగితాలు సరిగా లేనివాళ్లకు ఆ చుక్క చేటు చేయొచ్చు. అసలు ఫైలులో అన్నీ ఉండాలి.

#28 పటాల_పిచ్చి
#27తో ఏకీభవించను. ఖాళీ మిల్లు, మూతపడ్డ షెడ్డు, బజారు వరస లాంటివాటికి ఖచ్చితమైన చోటు లేకపోతే పరిశోధించేవాళ్లకు అక్కరకు రాదు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర డీబీఆర్ మిల్స్ ప్రాంగణంలో ఏ షెడ్డు ఎక్కడుందో తెలియకపోతే ఆ ఫొటో దేనికి? ఇళ్లకు మాత్రం మీరన్నట్టే.

#29 మూసీ_ఒడ్డు
అలా విడదీస్తే నాకూ సమ్మతమే.

#30 ఫోన్_పవన్
కెమెరా కొనలేనివాళ్ల సంగతి? ఫోన్‌తో కుదరదా?

#31 ప్రైమ్35
బ్రహ్మాండంగా కుదురుతుంది, ఇరుకు గల్లీలో జనం పట్టించుకోరు కూడా. మెయిన్ లెన్సే వాడండి, అది 24-26 మి.మీ. అంత వెడల్పు. అల్ట్రావైడ్ అంచుల్లో ఇళ్లను సాగదీస్తుంది. ప్రో మోడ్‌లో రా తీయండి. మామూలు మోడ్‌లో ఫోన్ తన తెలివితో అక్షరాల్ని "బాగుచేస్తుంది": దూరపు బోర్డుల మీద ఉర్దూ చుక్కలు కలిసిపోతాయి, తెలుగు ఒత్తులు ఉత్తుత్తి గీతలవుతాయి. బోర్డులే మనకు ముఖ్యం, దగ్గరికి వెళ్లి విడిగా తీయండి. లెన్స్ తుడవకుండా తీస్తే దీపాల చుట్టూ పొగ.

#32 విజయవాడ_వన్‌టౌన్
మా వన్‌టౌన్‌లో కొండవాలు గల్లీలకూ #8 లెక్క వర్తిస్తుందా?

#33 ఎండ_నీడ
వర్తిస్తుంది. మీరు 16.5 డిగ్రీల మీదున్నారు, సూర్యుడు ఉత్తరానికి దాటే కాలం మాకన్నా మూడు నాలుగు రోజులు ముందు మొదలై అంతే ఆలస్యంగా ముగుస్తుంది. కొండ మెట్లమీదనుంచి కింది వరసల్ని చూసి తీసే వీలు మీకుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చేటప్పుడు జిప్ కవర్లో పెట్టి అరగంట ఉంచండి, లేకపోతే లెన్స్ లోపల కూడా ఆవిరి పడుతుంది.

#34 ముషీరాబాద్_పిల్లగాడు
మా దిక్కు గురించి ఎవ్వరు చెప్తలేరు. ఇందిరా పార్క్ నుంచి వీఎస్‌టీ దాంక స్టీల్ బ్రిడ్జి 2023 ఆగస్టుల తెరిచిన్రు. అప్పటిసంది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ కింద షాపులన్నీ నీడలకు పోయినయ్. పైనుంచి కార్లు పోతయ్, కింద ఏమున్నదో ఎవ్వనికి కనవడది. పాత షాపుల బోర్డులు ఒక్కొక్కటే ఫ్లెక్సీలయితున్నయ్. చేత్తోని రాసిన బోర్డులు ముందుగాల తియ్యాలె, అవి బిల్డింగుల కన్న జల్ది పోతయ్.

#35 సున్నం_గోడ
పిల్లగాడి మాట అక్షరాలా నిజం. పాతబోర్డులు, పెయింటు వేసిన షట్టర్లు ముందు. షట్టర్ల మీది రాత దుకాణం మూసినప్పుడే కనబడుతుంది: బేగంబజార్‌లో ఆదివారం, పాతబస్తీలో చాలాచోట్ల శుక్రవారం లేదా ఏ రోజైనా పొద్దున పదిలోపు. లోపలి సరుకు, గల్లా పెట్టె, కప్పు చూడాలంటే తెరిచాక. అందుకే ఒకే గల్లీకి రెండు పూటలు కావాలి. బోర్డు మీద మెరుపు పడుతుంటే లెన్స్ ముందు పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) పెట్టి తిప్పండి. ఇరానీ హోటల్ అద్దాల మీద కూడా పనిచేస్తుంది, కాకపోతే ముందు చాయ్ చెప్పండి, యజమాని ఖుషీ అవుతాడు.

#36 కొలతల_కృష్ణ
కూలగొట్టే చోట్ల లెన్స్ మార్చకండి. సున్నపు దుమ్ము సన్నం, గరుకు. గుడ్డతో తుడిస్తే కోటింగ్ గీసుకుంటుంది. ముందు బ్లోయర్, తర్వాత బ్రష్, గుడ్డ ఆఖరున. సగం కూలిన గోడ కింద, చజ్జా కింద నిలబడొద్దు. సున్నపు గోడ ఊతం పోయాక వాన పడితే హెచ్చరిక లేకుండా కూలుతుంది.

#37 ఫైళ్ల_రాణి
అందరూ తీయడం గురించే చెప్పారు. దాచడం చెప్పకపోతే ఐదేళ్లలో ఇవన్నీ పనికిరాని ఫైళ్లు.

పేరు ఇలా: తేదీ_ప్రాంతం_గల్లీ_డోర్ నంబరు_వరస సంఖ్య. తేదీలో ముందు ఏడాది, తర్వాత నెల, రోజు, అప్పుడే వరస తప్పదు. ఫైలు పేరు వరకు ఇంగ్లిష్ అక్షరాలే వాడండి, తెలుగు పేరు కొన్ని పాత డ్రైవులు, సైట్లు చెడగొడతాయి. వివరణ మాత్రం తెలుగులో, ఐపీటీసీ క్యాప్షన్ గడిలో (ఫొటో ఫైలు లోపలే వివరణ రాసుకునే చోటు): ఏ దిక్కు చూస్తూ తీశారు, ఎదురుగా ఏముంది, జనం ఆ గల్లీని ఏమని పిలుస్తారు, కింద దుకాణంలో ఏం అమ్ముతున్నారు. జనం పిలిచే పేరు తప్పనిసరి, అది పటాల్లో ఉండదు.

ఇవన్నీ ఒక సీఎస్‌వీ పట్టికలో కూడా పెట్టండి. యూటీఎఫ్-8లో సేవ్ చేసేటప్పుడు బీఓఎం (ఫైలు మొదట్లో ఉండి ఇది యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తు) ఉన్న రకం ఎంచుకోండి, లేకపోతే ఎక్సెల్‌లో తెరిచినప్పుడు తెలుగంతా పిచ్చిగీతలుగా కనబడి, ఎవరో ఒకరు అలాగే సేవ్ చేసి నాశనం చేస్తారు. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఇంట్లో. ఫోన్ గ్యాలరీని కాపీగా లెక్కపెట్టకండి.

#38 గల్లీ_కెమెరా
చాలా దొరికింది. డిసెంబరులో దారుల్‌షిఫా, షాలిబండ పక్కగల్లీలు, దక్షిణం చూసే వరసలు ముందు. ఉత్తరం చూసేవి జూన్‌కి. మల్లేపల్లి వైపు సీఐబీ (సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు) క్వార్టర్లు ఎవరైనా తీసుకుంటారా? ముషీరాబాద్ బోర్డులు పిల్లగాడివే.

#39 ముషీరాబాద్_పిల్లగాడు
బోర్డులు నావే. ఆదివారం పొద్దున్నే షురూ చేస్త.

#40 డార్క్‌రూమ్_దుర్గ
క్వార్టర్లు నేను చూస్తాను. రంగులోనే.

#41 సున్నం_గోడ
#38 జూన్ దాకా ఆగేటప్పుడు ఒక జాగ్రత్త. రోడ్డు వెడల్పులో ముందు పోయేది మూల ఇల్లు, దాని వెనకే పక్కగల్లీలోని మొదటి రెండిళ్లు. అవి ఉత్తరం చూసినా సరే ఎండకోసం ఆగొద్దు, మబ్బు రోజున ఇప్పుడే తీసేయండి. దేవ్డీ (పాత నవాబుల పెద్ద ఇల్లు) కమాను ఉంటే లోపలివైపు ముఖం కూడా అడిగి తీయండి, బయటివైపు అందరి దగ్గరా ఉంటుంది.